బండి కొన్నవాని మొఱ

జహీరాబాదు చెఱకు పండు సీమ. జహీరాబాదు బండ్లు పుట్టు పట్టణము. ఇవి మన పాఠకులకు క్రొత్త సంగతులు గావు. కాని నేడు దేశమున మోటారుకారు కొనదలచిన ప్రతివాని యెదుటను నిలిచియున్న రెండు దారులును మన పొలిమేర మీదుగానే పోవుచున్నవని యెందఱు గమనించిరో మేమెఱుగము. చెఱకునుండి తీసిన ఇథనాలు కలిసిన పెట్రోలుతో నడచు బండి యొక దారి. కరెంటుతో నడచు బండి రెండవ దారి. ఈ రెంటిలో నేదో యొకదానిని బట్టినవారు, పట్టి సంతసించుచున్నవారు, పట్టి పస్తాయించుచున్నవారు కొంతకాలముగా మా వకాలతు గదికిని ఈ పత్రికకును వచ్చి తమ యనుభవములు చెప్పుకొనుచున్నారు. వానిని గూర్చి వ్రాయుట మా విధి యని తోచినది.

మొదట మన యూరి సంగతి. 1980ల దశకమున హైదరాబాదు ఆల్విన్ సంస్థ జపానుదేశపు నిస్సానువారితో జతగూడి యిచ్చట తేలికపాటి లారీలను జేయ మొదలిడెను. పిమ్మట నా కార్ఖానా మహీంద్రావారి చేతికి వచ్చినది. 2013లో ట్రాక్టరుల కార్ఖానాయు వెలసినది. 2023 ఫిబ్రవరిలో, హుస్సేన్ సాగరపు టొడ్డున విద్యుత్కారుల పందెము జరిగిన వారముననే, జహీరాబాదులో మూడు చక్రముల, నాలుగు చక్రముల విద్యుద్వాహనముల తయారీని వేయి కోట్ల రూపాయలతో విస్తరించుటకు రాష్ట్ర ప్రభుత్వముతో నొడంబడిక కుదిరినది. న్యాల్కల్, ఝరాసంగం మండలములలో 12,635 ఎకరముల 'నిమ్జ్' సంగతి మన రైతులకు మేము చెప్పబని లేదు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రిమండలి యామోదించిన 12 పారిశ్రామిక నగరములలో జహీరాబాదొకటి. దానికి 3,245 ఎకరములు, 2,361 కోట్ల రూపాయలు. ఇన్ని ఎకరములు, ఇన్ని కోట్లు లెక్కకు వచ్చినవి. తయారైన బండిని అప్పు చేసి కొని, దానిని ప్రతిదినము నడుపువాని లెక్క మాత్ర మేసభలోను వినబడలేదు.

అట్టి లెక్క నొకదానిని మేము చూచితిమి. ఒక ఉపాధ్యాయుడు 2016లో చిన్న పెట్రోలు కారు కొనెను. ఆయన లెక్కల మాస్టరు. కొన్న దినమునుండి నేటివఱకు ఎన్ని లీటరులు పోయించెనో, ఆనాటి మీటరు రీడింగెంతయో, ఒక నూఱు పేజీల నోటుపుస్తకమున వ్రాసియుంచెను. 2022 వఱకు లీటరునకు పదునేడు కిలోమీటరులకు తగ్గని బండి, క్రమముగా దిగి, ఇప్పుడు పదునాఱు దాటుట లేదట. "వకీలుసాబ్, బండి ముసలిదైనదా, పెట్రోలు మాఱినదా, రెంటిలో నేది నిజమో నాకు జెప్పువా రెవరు?" అని యాయన ప్రశ్న.

మేము న్యాయవాదులము గనుక మొదట ఆయననే అడ్డుప్రశ్న లడిగితిమి. టైరులలో గాలి సరిగా నుండెనా? ఏ.సి. వాడుక పెరిగినదా? క్రొత్త కల్వర్టు పనులు, గుంతలు, పట్టణపు రద్దీ లెక్కలో గలవా? పది సంవత్సరముల యింజనుకు సహజముగా నరుగుదల లేదా? ఆయన కొన్నిటికి సమాధానము చెప్పెను, కొన్నిటికి దల యూపెను. ఒక్క నోటుపుస్తకము సాక్ష్యము గాదు. కాని ఆయన యడిగిన ప్రశ్న న్యాయమైనది. దానికి సమాధానము శాస్త్రమునందున్నది.

ఒక లీటరు ఇథనాలులో నుండు శక్తి, ఒక లీటరు పెట్రోలులో నుండు శక్తికంటె సుమారు మూడవ వంతు తక్కువ. కావున నూటికి ఇరువది పాళ్లు ఇథనాలు కలిసిన లీటరులో, ఏమియు కలియని లీటరుకంటె ఆఱేడు పాళ్ల శక్తి తగ్గును. పది పాళ్లు కలిసినదానితో బోల్చినచో మూడు నాలుగు పాళ్లు తగ్గును. ఇది యెవరి దురుద్దేశమును గాదు, ఆ ద్రవము స్వభావము. ఇథనాలుకు మంచి గుణమును గలదు. యింజనులో తట్టుడు రాకుండ కాచు శక్తి దానికి పెట్రోలుకంటె నెక్కువ. దానికి తగినట్లు నిర్మింపబడిన క్రొత్త యింజను ఆ గుణమును వాడుకొని నష్టమును కొంత పూడ్చుకొనగలదు. పాత యింజనున కా నేర్పు లేదు. పైగా ఇథనాలు నీటిని పీల్చుకొనును. కొన్ని రకముల రబ్బరు గొట్టములను, గాస్కెటులను కాలక్రమమున పాడుచేయును. 2023 ఏప్రిలునుండి తయారైన బండ్లలో నీ భాగములు ఇరువది పాళ్లకు తట్టుకొనునట్లు మార్పబడినవి. మన మాస్టరుగారి బండి 2016 నాటిది.

ఈ విషయము ప్రభుత్వమునకు తెలియకపోలేదు. 2021 జూనులో నీతి ఆయోగ్ వెలువరించిన ఇథనాలు నివేదికయందే యిది స్పష్టముగా వ్రాయబడియున్నది. పాత పద్ధతి కారులకు మైలేజి నూటికి ఆఱేడు పాళ్లును, పది పాళ్లకు రూపొందించి ఇరువదికి సవరించిన కారులకు ఒకటి రెండు పాళ్లును తగ్గునని ఆ నిపుణులే యంచనా వేసిరి. అంతటితో నాగక, ఈ తగ్గుదలకు బదులుగా వినియోగదారునకు పన్నులో వెసులుబాటు కల్పించుట యోచింపదగినదనియు, పాతబండ్లకొఱకు పది పాళ్ల పెట్రోలును గూడ అందుబాటులో నుంచవలెననియు సూచించిరి. మంచి సలహా. తరువాత నేమి జరిగినది? 2022 జూనులో పది పాళ్ల లక్ష్యము నెఱవేఱినది. 2030 నాటికనుకొన్న ఇరువది పాళ్ల లక్ష్యము 2025నకే ముందుకు జరుపబడి, ఆ సంవత్సరముననే నెఱవేఱినది. నిపుణుల నివేదికలో లక్ష్యము మాత్రము నిర్ణీతకాలమున బంకులకు చేరినది. వెసులుబాటును, పాతబండ్ల పెట్రోలును చేరలేదు.

2025 ఆగస్టులో దేశమంతటను బండ్ల యజమానులు గొంతెత్తిరి. కొందఱు సగము మైలేజి పోయిన దనిరి; అది యతిశయోక్తి. భీమా చెల్లదని పుకారు పుట్టినది. కేంద్ర పెట్రోలియం శాఖ దానిని ఖండించినది, ఇంజనులు చెడునను భయము నిరాధారమనియు చెప్పినది. వెల విషయమున నా శాఖ యిచ్చిన సమాధానము కొంత వినదగినది: 2021లో ఇథనాలు పెట్రోలుకంటె చౌక, ఇప్పుడు సేకరణ వెలయే లీటరునకు సుమారు 71 రూపాయలు, కావున తగ్గింపునకు చోటు లేదు అని. చెఱకు రైతు నోటిలోనికి, మొక్కజొన్న రైతు నోటిలోనికి పోవు రూపాయిని మేము తప్పుపట్టము. మన సీమలో కారుగల వా డనేకులకు చెఱకు మళ్లును గలవు. ఎడమచేతితో నిచ్చి కుడిచేతితో పుచ్చుకొనువాడు తగవు పెట్టుకొనునా? కాని ఇచ్చుచున్నానని యెఱిగి యిచ్చుట వేఱు, ఎఱుగక పోగొట్టుకొనుట వేఱు. 2025 సెప్టెంబరు 1వ తేదీన, ఇథనాలు కలియని పెట్రోలును గూడ నుంచవలెనను వ్యాజ్యమును సుప్రీముకోర్టు త్రోసిపుచ్చినది. విధానము ప్రభుత్వముది, దానిలో న్యాయస్థానము జొరబడకుండుటను మేము గౌరవింతుము. విధానమును మార్పుమని మేమును అడుగుట లేదు. బంకు వద్ద నిలుచున్న మనిషికి, నీవు పోయించుకొనుచున్నదిది, నీ బండి యీ సంవత్సరపుదైనచో నిట్టి ఫలితముండును, అని తెలుగులో నొక పలక వ్రాసి పెట్టుటకు ఏ విధానమడ్డము వచ్చుచున్నదని మాత్రమే అడుగుచున్నాము.

ఈ కలుపు మనకు బొత్తిగా క్రొత్తదియు గాదు. స్వాతంత్ర్యము వచ్చిన మఱుసటి సంవత్సరమే, 1948లో, మోటారులను నడుపు ఆల్కహాలు పరిశ్రమను వృద్ధిచేయుటకు కేంద్రమొక చట్టము చేసెను. అది యర్ధశతాబ్దికి పైగా పుస్తకములలో నిద్రించి 2000లో రద్దయినది. నాటి మోటారుల సంఖ్య వ్రేళ్లపై లెక్కింపదగినది, నేడట్లు గాదు.

ఇక రెండవ దారి. మా కెఱిగిన యొక వస్త్రవ్యాపారి విద్యుత్కారు కొనెను. షోరూములో నిచ్చిన రంగుల కాగితముపై ఒక్క చార్జిపై నాలుగు వందల కిలోమీటరులకు మించి నడచునని యున్నది. మొదటి ఆఱు మాసములు ఆయన చెప్పని మాట లేదు; శబ్దము లేదు, పొగ లేదు, గేరు లేదు, ఆయిలు మార్పించు బాధ లేదు. మే నెల యెండలో తల్లిగారికి గుండెనొప్పి వచ్చుటచే హైదరాబాదు ఆసుపత్రికి దీసికొనిపోయిరి. బ్యాటరీ ఆయుస్సు కొఱకు నూటికి ఎనుబది మించి నింపవలదని షోరూమువారే చెప్పియుండుటచే ఆనాడును ఎనుబదియే యుండెను. బండినిండ మనుషులు, ఏ.సి. పూర్తిగా, జాతీయ రహదారిపై నూఱు కిలోమీటరుల వేగము. పట్నమున ఆసుపత్రులు తిరిగి, రాత్రి పదకొండు గంటలకు వెనుదిరిగి వచ్చుచుండగా తెరపై యెఱ్ఱ గుర్తు వెలిగెను. దారిలో దొరికిన చార్జింగు కేంద్రమున గన్నులు రెండు. ఒకటి పనిచేయుట లేదు. రెండవది యొక కారునకు తగిలించియుండెను. ఆ కారు యజమాని దానిలోనే నిద్రించుచుండెను. ఫోనులో డబ్బు కట్టవలసిన యాపు ఆంగ్లములో తప్ప మఱియొక భాషలో లేదు. తల్లిగారు వెనుక సీటులో పడుకొని, "నాయనా, నడిచే పోదమా?" అని యడిగిరట. ఇల్లు చేరునప్పటికి తెల్లవాఱుజాము మూడు గంటలు. తల్లిగారు కుశలము, ఆ రాత్రిని మాత్ర మాయన మఱచిపోలేదు.

కాగితముపై నాలుగు వందలేల, రహదారిపై అందులో మూడింట రెండు వంతులేల? అబద్ధమాడినారని చెప్పుట సులభము. సంగతి యంతకంటె సూక్ష్మము. ఆ కాగితపు లెక్క ప్రయోగశాలలో, రోలరులపై చక్రములు తిరుగుచుండగా, గంటకు 90 కిలోమీటరులు మించని వేగమున, అధికభాగ మంతకు చాల తక్కువ వేగమున, కొలిచినది. పెట్రోలు బండికిని కరెంటు బండికిని ఇచ్చట నొక తల్లక్రిందులున్నది. పెట్రోలు బండి పట్టణపు రద్దీలో నెక్కువ త్రాగును, రహదారిపై తక్కువ త్రాగును. కరెంటు బండి యందుకు విరుద్ధము. బ్రేకు వేసినప్పుడెల్ల మోటారు శక్తిని కొంత బ్యాటరీకి మరల పంపును గనుక రద్దీలో దానికి నష్టము తక్కువ. రహదారిపై బ్రేకుతో పని లేదు, గాలి యెదురొత్తిడి మాత్రము వేగము రెండింతలైన నాలుగింతలగును. పెట్రోలు యింజను తన శక్తిలో నధికభాగమును ఎట్లును వేడిగా పాఱవేయుచుండును గనుక ఈ తేడా యంతగా కనబడదు. విద్యున్మోటారు పొదుపరి, పొదుపరి యింట ప్రతి ఖర్చును కనబడును. ఈ నాలుగు మాటలు కొనువానికి ముందే చెప్పియుండినచో ఆయన యా రాత్రి పట్నములోనే యొక గంట చార్జి పెట్టుకొని బయలుదేరియుండెడివాడు.

ఇట్టి వివాద మింతకుముందు రాజధానికిని ఎక్కినది. 2021 మార్చిలో, కాగితముపై 312 కిలోమీటరులుగల యొక దేశీయ విద్యుత్కారు తనకు రెండు వందలు దాటుట లేదని యొక యజమాని ఫిర్యాదు చేయగా, ఢిల్లీ ప్రభుత్వ మా కారునకు రాయితీని నిలిపివేసెను. ఆ యుత్తరువుపై ఢిల్లీ హైకోర్టు స్టే ఇచ్చెను. ధ్రువీకరణ పత్రము సక్రమమే యని తయారీదారు, నా రోడ్డుపై నడువలేదని యజమాని. ఇద్దఱును నిజమే చెప్పుచుండవచ్చును. అందుచేతనే తప్పు ఆ కాగితములో నున్నదని మా యభిప్రాయము.

మఱి కరెంటు బండి లాభము లేనిదా? కాదు. ఒక ఆటో నడుపు యువకుడు మా గదికి వేఱు పనిమీద వచ్చి చెప్పినది వినుడు. అతనిది విద్యుత్తు ఆటో. ఉదయము బస్సు స్టాండు, మధ్యాహ్నము బడిపిల్లలు, సాయంత్రము కూరగాయల అంగడి. దినమునకు ఎనుబది తొంబది కిలోమీటరులు దాటడు, రాత్రి యింటివద్ద తగిలించి పడుకొనును. "డీజిలు బండి నడిపిననాడు పైసలు బంకులనే ఒడిసేవి సాబ్, ఇప్పుడు కిస్తీ కట్టంగ ఇంట్ల నాలుగు రూకలు మిగులుతున్నయి" అనినాడు. కారులకును ఈ లెక్కయే. నూఱు కిలోమీటరులకు సుమారు పదునైదు యూనిటులు. ఇంటి కరెంటు యూనిటు తొమ్మిది పది రూపాయల మెట్టున పడినను నూటయేబది రూపాయలు. లీటరునకు పదునైదు కిలోమీటరులిచ్చు పెట్రోలు కారునకు, 2025లో హైదరాబాదున నుండిన 107 రూపాయల చిల్లర వెలతో, అదే దూరమునకు ఏడువందలు దాటును. రహదారి చార్జింగు కేంద్రములలో మేము చూచిన వెల యూనిటునకు ఇరువది రూపాయలకు పైమాటయే. అక్కడ లాభము కొంత కరగిపోవును, అయినను పెట్రోలుకంటె తక్కువయే. దీనికి తోడు రాష్ట్ర ప్రభుత్వము 2024 నవంబరునుండి విద్యుద్వాహనములకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును పూర్తిగా తీసివేసి, ఆ వెసులుబాటు 2026 డిసెంబరు 31 వఱకని ప్రకటించినది. పది లక్షలు దాటిన కారునకు అది లక్షలలోని మాట. వస్తుసేవల పన్నును 2019 ఆగస్టునుండి నూటికి ఐదే. చిన్న పెట్రోలు కారులపై 2025 సెప్టెంబరు 22న తగ్గించిన పిమ్మటను పదునెనిమిది.

కావున తెలిసిన దారిలో తెలిసిన దూరము దినదినము నడచి, రాత్రి తన గోడకు తగిలించుకొనగల వానికి కరెంటు బండి మేలు. ఎప్పుడే యూరు పోవలసివచ్చునో తెలియని వానికి, గోడయే లేని అద్దె యింటివానికి, నేటికింకను పెట్రోలు బండియే మేలు. మేము వకీళ్లము, మెకానిక్కులము గాము. అయినను ఇన్ని మొఱలు విన్న పిదప మాకు కుదిరిన యభిప్రాయమిది. గోడ యనగానే యొక మాట. మన పాత యిండ్లలో ఎర్తింగు అను రాగితీగ పేరునకే యుండును. కరెంటు కారు దానిని గుర్తించి, ఎర్తింగు లేనిచో చార్జి తీసికొననని మొండికేయును. కారు చెడినదని షోరూమునకు పోయినవారు మనలోనే గలరు. కొంత ఉప్పు, బొగ్గు, నీరు, ఒక గొయ్యి, నమ్మకమైన ఎలక్ట్రీషియను, వ్యాధికి మందింతియే. వేగముగా నింపు పెద్ద చార్జరు పెట్టదలచినవారు విద్యుచ్ఛాఖవద్ద మంజూరు లోడు పెంచుకొనవలయును. ఈ మాటయు అమ్మునప్పుడు చెప్పువారు తక్కువ.

అగ్ని భయమును గూర్చి దాచి లాభము లేదు. 2022 సెప్టెంబరు 12వ తేదీ రాత్రి సికింద్రాబాదులో నొక హోటలు భవనమున, క్రిందనున్న విద్యుత్తు స్కూటరుల దుకాణమునుండి లేచిన మంటలు పొగలకు ఎనిమిదిమంది ప్రాణములు పోయినవి. ఆ సంవత్సరమే దేశమందు పలుచోట్ల స్కూటరులు కాలినవి. అటుపిమ్మట బ్యాటరీల పరీక్షా నిబంధనలు కఠినము చేయబడి 2022 డిసెంబరునుండి దశలవారీగా అమలునకు వచ్చినవి. పెట్రోలు బండ్లును కాలును. కాని పెట్రోలు డబ్బాను మంచము ప్రక్కన పెట్టుకొని నిద్రించు వాడు లేడు. స్కూటరు బ్యాటరీని పడకగదిలో చార్జి పెట్టువారిని మేమే చూచితిమి. మెట్లక్రింద పెట్టరాదు, ద్వారమునకు అడ్డుగా పెట్టరాదు, కంపెనీది కాని చార్జరు తగిలింపరాదు.

విదేశీ చమురునుండి విముక్తి యని రెండు దారులవారును జెండా యెత్తుచున్నారు. నిజమే, మనకు కావలసిన ముడిచమురులో నూటికి ఎనుబదియైదు పాళ్లకు మించి విదేశములనుండి వచ్చుచున్నది. దానిని తగ్గించు ప్రతి ప్రయత్నమును దేశహితమే. కాని కరెంటు కారుల బ్యాటరీ కణములలో నధికభాగము చైనానుండి వచ్చుచున్నవి. 2025 ఏప్రిలులో చైనా అరుదైన లోహముల అయస్కాంతముల యెగుమతిపై ఆంక్షలు పెట్టినంతనే మన కార్ఖానాలవారు కలవరపడిరి. ఇక మన గోడలలోని కరెంటో, ఇంకను నధికముగా బొగ్గుదే. స్వదేశీ యను మాట బండి వెనుక అంటించు కాగితము గారాదు. మన నిమ్జ్ భూములలో బ్యాటరీ కణములు, అయస్కాంతములు తయారగునాడు ఆ మాట అర్థవంతమగును. భూమి నిచ్చిన రైతు బిడ్డకు అచ్చట పని దొరకుట అంతకంటె ముందటి మాట.

చట్టము సంగతి కొంత చెప్పవలయును. మొఱ పెట్టుకొన్నవారిలో పదింట తొమ్మిదిమంది తమ చేతిలో నేమున్నదో యెఱుగరు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము రెండవ సెక్షనులోనే, కొన్న వస్తువు గుణము, పరిమాణము, శక్తి, శుద్ధి, ప్రమాణము, వెల తెలిసికొను హక్కు మనకు గలదని యున్నది. ముఖ్య విషయమును బుద్ధిపూర్వకముగా దాచుటయు మోసపు ప్రకటనయే యని యదే సెక్షను చెప్పుచున్నది. అట్టి ప్రకటన చేసిన తయారీదారుకు కేంద్ర ప్రాధికార సంస్థ పది లక్షల వఱకును, మరల చేసిన యేబది లక్షల వఱకును జరిమానా విధింపవచ్చును. ఫిర్యాదునకై కంపెనీ యున్న ముంబయికో చెన్నైకో పోనక్కఱలేదు. 34వ సెక్షను ప్రకారము కొన్నవాడు నివసించుచోటనే వేయవచ్చును. మనకది సంగారెడ్డి జిల్లా కమిషను. ఐదు లక్షల లోపు విలువకు రుసుము లేదు. వస్తువును ప్రయోగశాలకు పంపి పరీక్షింపజేయు అధికారము కమిషనుకు గలదు. గడువు రెండు సంవత్సరములు, ఇది మఱవరాదు. ఆటో నడుపు వానికి, నీవు వ్యాపారమునకు కొన్నావు గనుక వినియోగదారుడవు గావని షోరూమువారు బెదరింతురు. స్వయముగా నడిపి పొట్టపోసికొనువానికి ఆ యడ్డు లేదని చట్టమే చెప్పుచున్నది.

ఇవి వట్టి మాటలు గావు. 2022లో కేరళలోని త్రిశూరు జిల్లా కమిషను, ప్రకటనలో లీటరునకు 32 కిలోమీటరులని చెప్పిన కారు నిపుణుని పరీక్షలో ఇరువదికి లోపుగనే నిలువగా, యజమానురాలికి మూడు లక్షల రూపాయలు ఇప్పించినది. ఆమె గెలుపునకు మూలము కోపము గాదు, లెక్క. నిపుణుడు బండిని రోడ్డుపై నడిపి కొలిచిన లెక్క.

తయారీదారులను మేము కోరునది పెద్దది గాదు. ప్రయోగశాల లెక్క ప్రక్కనే, నూఱు కిలోమీటరుల వేగమున, మే నెల యెండలో, ఏ.సి. తో నెంత నడచునో రెండవ లెక్క నొకదానిని అంతే పెద్ద అక్షరములతో ముద్రింపుడు. బ్యాటరీ హామీ ఎనిమిదేండ్లని చెప్పుచున్నారు. ఆ ఎనిమిదేండ్లలో శక్తి యెంత తగ్గినచో హామీ వర్తించునో, ఎంతవఱకు వర్తింపదో, తెలుగులో నిండు. ప్రభుత్వమునకు మా మనవి, 2021 నివేదికలోని మిగిలిన రెండు సూచనలను పెట్టెలోనుండి పైకి తీయుడని. పాతబండ్ల వారికి ప్రతి బంకులో గాకున్నను తాలూకా పట్టణమున కొక గొట్టముగూడ నుంచలేమా? దానికి ఖర్చెక్కువ యందురా, ఆ సంగతియైనను లెక్కతో చెప్పుడు. రహదారి చార్జింగు కేంద్రములలో పాడైన గన్ను ఎన్ని దినములలో బాగుచేయవలెనో నిబంధన పెట్టి, బాగుచేయనివారి రాయితీ నాపుడు. యాపులో తెలుగు నుంచుట కేపాటి శ్రమ?

బంకు యజమానులపై మన కోపము పోరాదు. తమకు వచ్చిన ట్యాంకరులో నున్నదానిని వారు పోయుచున్నారు. షోరూము కుఱ్ఱవాడును తనకు నేర్పిన పాఠమే యప్పగించుచున్నాడు.

మాస్టరుగారు తమ నోటుపుస్తకమును మా బల్లపై నుంచి పోయిరి, ఏ.సి. వేసిన దినములకు వేఱు గుర్తు పెట్టి, టైరులలో గాలి కొలిచి, మఱి మూడు మాసములు వ్రాయుదమని యొప్పుకొనిరి. మన తాలూకాలో బండిగల వారెవరైనను ఇట్లే పోయించిన తేది, లీటరులు లేదా యూనిటులు, మీటరు రీడింగు, బండి తయారైన సంవత్సరము వ్రాసి పంపినచో, పేరులు బయటపెట్టక, ఈ పుటయందే ప్రకటింతుము. తక్కువ వచ్చినవారే గాక, మంచి మైలేజి వచ్చినవారును వ్రాయవలయును. వస్త్రవ్యాపారిగారు తమ రహదారి లెక్క నిదివఱకే పంపిరి. అది వచ్చు సంచికలో.